నల్లజాతి పిల్లల్ని వాళ్ల కుటుంబాలు ఎలా కాపాడుకుంటున్నాయి, దానికి ఏం చెల్లిస్తున్నాయి

అమెరికాలో హైస్కూలు పిల్లల్లో మందు, సిగరెట్ ఎవరు ఎక్కువ ముట్టుకుంటారు అని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లని అడగండి. చాలామంది పెద్దగా ఆలోచించకుండా నల్లజాతి పిల్లలే అంటారు. అది నిజం కాదు. మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 1975 నుంచి ఏటా దేశమంతటా స్కూలు పిల్లల్ని అడిగి చేస్తున్న సర్వేలో దశాబ్దాలుగా కనిపిస్తున్నది దీనికి పూర్తిగా తలకిందులు: ఆఫ్రికన్ అమెరికన్ టీనేజర్లు తెల్లజాతి టీనేజర్ల కంటే తక్కువ తాగుతారు, సిగరెట్లు తక్కువ కాలుస్తారు, అసలు మొదలుపెట్టేదే ఆలస్యంగా మొదలుపెడతారు. పేదరికం వాళ్లలో ఎక్కువ, చాలామంది చదివే బళ్లకి నిధులు తక్కువ, పోలీసుల చూపు ఎప్పుడూ వాళ్ల మీదే, అద్దె ఇంటి దగ్గర్నుంచి ఉద్యోగం దాకా వివక్ష. ఈ లెక్కన అందరికంటే ముందు దారి తప్పాల్సింది వీళ్లే. కానీ మనం అనుకున్నంతగా తప్పట్లేదు. ఎందుకని వెతుక్కుంటూ వెళ్లిన పరిశోధకులకి దొరికిన జవాబుల్లో పెద్దది, వాళ్ల ఇల్లు.

అమెరికాలో ఈ మాట అనడానికి చాలా ఏళ్లు పట్టింది. 1965లో లేబర్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్ సెక్రటరీగా ఉన్న డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ నల్లజాతి కుటుంబం గురించి ప్రభుత్వానికి ఒక రిపోర్ట్ రాశాడు. బానిసత్వం, నిరుద్యోగం ఈ కుటుంబాల్ని దెబ్బతీశాయని అందులో చెప్పాడు, ఉద్యోగాలు ఇవ్వాలని అతని ఉద్దేశం కూడా, ఆ న్యాయం అతనికి చేయాలి. కానీ తల్లి పెద్దగా ఉన్న ఇళ్లని ఒక జబ్బులాగా చూపించాడు, జనానికి గుర్తుండిపోయింది ఆ ముక్కే. అప్పట్లో నల్లజాతి పిల్లల్లో దాదాపు నాలుగో వంతు మంది పెళ్లికాని తల్లులకి పుడుతున్నారని అతను ఆందోళన పడ్డాడు, ఇప్పుడా సంఖ్య 70 శాతం దగ్గర ఉంది, అందుకని ఈ రోజుకీ టీవీ చర్చల్లో ఎవరో ఒకరు "తండ్రుల్లేని ఇళ్లు, అదే అసలు రోగం" అనేసి చేతులు దులుపుకుంటారు.

ఆ వాదన ఇంట్లో ఎవరెవరు ఉన్నారో లెక్కపెట్టి ఆగిపోతుంది. పిల్లల్ని కాపాడేది మాత్రం ఆ ఇంట్లో రోజూ ఏం జరుగుతోంది అన్నది. సాయంత్రం నాలుగింటికి పిల్లాడు ఎక్కడున్నాడో తెలిసిన మనిషి ఉన్నారా, వాడు స్కూల్లో అవమానపడి వస్తే చెప్పుకోవడానికి ఎవరన్నా ఉన్నారా, తప్పు చేస్తే గట్టిగా అడిగి ఆ తర్వాత దగ్గరికి తీసుకునేవాళ్లు ఉన్నారా. ఆ మనిషి అమ్మ కావచ్చు, అమ్మమ్మ కావచ్చు, మేనమామ కావచ్చు, పక్కవీధి చర్చిలో పాటలు నేర్పే పెద్దావిడ కావచ్చు. జనాభా లెక్కల ఫారం మీద "ఒంటరి తల్లి" అని పడిన ఇంట్లో నిజానికి నలుగురు పెద్దవాళ్లు ఆ పిల్లల్ని పెంచుతుండొచ్చు, ఆ ఫారానికి అది తెలిసే దారి లేదు.

ఈ సంగతి నల్లజాతి పండితులు వెంటనే చెప్పారు. 1968లో ఆండ్రూ బిల్లింగ్స్‌లీ ఈ కుటుంబాల్ని తెల్లవాళ్ల కుటుంబాలతో పోల్చి మార్కులు వేయడం మానేసి, ఎలాంటి పరిస్థితుల్లో ఎలా నిలబడ్డాయో చూడమన్నాడు. 1972లో నేషనల్ అర్బన్ లీగ్‌లో పనిచేసే రాబర్ట్ హిల్ ఐదు బలాల గురించి రాశాడు: బంధుత్వపు పట్టు, పని చేయాలన్న పట్టుదల, ఇంట్లో ఎవరి పని ఎవరైనా అందుకోగలిగే సర్దుబాటు, పిల్లలు పైకి రావాలన్న తపన, దేవుడి మీద నమ్మకం. ఇవి గొప్ప సిద్ధాంతాల్లా అనిపించవు, మన పల్లెల్లో పెరిగిన వాళ్లకి మరీ కొత్తగా అనిపించవు. కానీ ఆ రోజుల్లో అమెరికాలో ఒక నల్లజాతి కుటుంబం గురించి "దీంట్లో బలం ఉంది" అని అచ్చులో చెప్పడమే పెద్ద విషయం. రెండేళ్ల తర్వాత క్యారల్ స్టాక్ అనే మానవశాస్త్రవేత్త ఒక పేద నల్లజాతి పేటలో ఉండి చూసి రాసింది. ఒక ఇంట్లో చెక్కు వచ్చిన రోజు పక్కింటి కరెంటు బిల్లు కట్టేస్తారు, పై నెల వాళ్లు వీళ్ల పిల్లలకి బూట్లు కొంటారు, రక్తసంబంధం లేనివాళ్లు కూడా అక్కాచెల్లెళ్లు, మేనత్తలు అయిపోతారు, ఆ వరస పిలుపుతో ఆగిపోదు, దాంతోపాటు బాధ్యత కూడా వస్తుంది. బయటివాళ్లకి గందరగోళంగా కనిపించేదాంట్లో చాలా కట్టుదిట్టమైన ఇచ్చిపుచ్చుకోళ్లు ఉన్నాయని ఆమె చూపించింది.

ఈ పట్టు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. బానిసత్వంలో వాళ్ల పెళ్లిళ్లకి చట్టంలో గుర్తింపు లేదు, భర్తని ఒక రాష్ట్రానికి, బిడ్డని ఇంకో రాష్ట్రానికి అమ్మేసేవాళ్లు. అలాంటప్పుడు తల్లి దూరమైన పిల్లని పక్క గుడిసెలో ఆవిడ తన పిల్లల్లో కలుపుకునేది, అది దయ అనుకునేంత తీరిక కూడా ఎవరికీ లేదు, అలా చేయకపోతే పిల్ల బతకదు. 1865 తర్వాత స్వేచ్ఛ వచ్చాక వాళ్లలో చాలామంది ముందు చేసిన పని తప్పిపోయినవాళ్లని వెతుక్కోవడం. నల్లజాతి పత్రికల్లో, చర్చి పత్రికల్లో దశాబ్దాల పాటు ప్రకటనలు వేశారు, మా అమ్మ పేరు ఇది, ఫలానా యజమాని దగ్గర ఉండేది, ఫలానా ఊళ్లో అమ్మేశారు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి అని. కుటుంబం అంటే పట్టింపు లేని జనం అని వీళ్లకి ముద్ర వేసినవాళ్లు ఆ ప్రకటనలు ఒక్కసారి చదివుంటే బాగుండేది.

ఆ తర్వాత 1910 నుంచి 1970 మధ్య దాదాపు 60 లక్షల మంది దక్షిణాది వదిలి చికాగో, డిట్రాయిట్, న్యూయార్క్ వైపు వెళ్లిపోయారు. ముందు ఒకరు వెళ్లి ఉద్యోగం చూసుకోవడం, తర్వాత తమ్ముడు, తర్వాత పిల్లలు. ఈలోపు పిల్లలు అమ్మమ్మల దగ్గర. స్థిరపడ్డాక కూడా వేసవి సెలవులకి పిల్లల్ని దక్షిణాదికి పంపేవాళ్లు. 1955లో చికాగో నుంచి మిసిసిపీలో మనీ అనే ఊరికి అలా వచ్చిన 14 ఏళ్ల ఎమ్మెట్ టిల్‌ని తెల్లవాళ్లు ఎత్తుకెళ్లి చంపేశారు. ఆ పిల్లాడు దిగింది తల్లి తరఫు బంధువైన మోజెస్ రైట్ ఇంట్లో. నల్లవాడు తెల్లవాడి మీద సాక్ష్యం చెబితే ప్రాణం దక్కడమే కష్టమైన ఆ కాలంలో, ఆ పెద్దాయన కోర్టులో లేచి నిలబడి హంతకుల్ని వేలుపెట్టి చూపించాడు. అయినా వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. కుటుంబం పిల్లల్ని కాపాడుతుంది అని రాసేటప్పుడల్లా ఈ ఉదంతం కూడా పక్కన ఉండాలని నాకనిపిస్తుంది, ఎందుకంటే కుటుంబం చేయగలిగిందీ, చేయలేకపోయిందీ రెండూ ఇందులో ఉన్నాయి.

ఇప్పటి కాలానికి వస్తే మనందరికీ తెలిసిన పేర్లే చూడండి. జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ చిన్నప్పుడు ఫాస్టర్ కేర్‌లో, అంటే ప్రభుత్వం పిల్లల్ని తాత్కాలికంగా వేరే కుటుంబానికి అప్పగించే ఏర్పాటులో, ఉంది, తల్లికి మత్తుపదార్థాల సమస్య. తాతయ్య రాన్, ఆయన భార్య నెల్లీ ఆమెనీ చెల్లెల్నీ టెక్సస్ తీసుకొచ్చి దత్తత తీసుకుని పెంచారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ తల్లి అతన్ని కన్నప్పుడు ఆమెకి పదహారేళ్లు, ఏక్రన్ ఊళ్లో ఇల్లు మారుతూ మారుతూ నాలుగో తరగతిలో పిల్లాడు స్కూలుకి వెళ్లిందే తక్కువ. ఫ్రాంక్ వాకర్ అనే కోచ్ కుటుంబం అతన్ని తమ ఇంటికి తెచ్చుకుంది, లేవాల్సిన టైమ్, ఇంటి పనులు, హోంవర్క్ అన్నీ వాళ్ల పిల్లలతో సమానంగా. ఆ మరుసటి ఏడు అతను స్కూలు ఒక్క రోజు కూడా మానలేదని చెబుతారు. ఇలాంటి ఇళ్లు అక్కడ వేలల్లో ఉన్నాయి, ఆ పిల్లలు ఒలింపిక్స్‌కి వెళ్లరు, నర్సులవుతారు, బస్సు డ్రైవర్లవుతారు, టీచర్లవుతారు, కాబట్టి మనకి తెలియరు.

ఇదంతా కథలుగా మిగిలిపోకుండా లెక్కగట్టి చూపించింది ముఖ్యంగా జార్జియా యూనివర్సిటీ పరిశోధకులు. జీన్ బ్రోడీ, వెల్మా మెక్‌బ్రైడ్ మర్రీ, వాళ్ల బృందం జార్జియా పల్లెలకి వెళ్లారు. అట్లాంటా మెరుపులు లేని చిన్న ఊళ్లవి. బస్సుండదు, పెద్ద ఉద్యోగాలుండవు, తల్లులు వారమంతా పనిచేస్తారు, చేసినా చాలామంది పేదరికపు గీత దగ్గరే ఉంటారు. అదే సమయంలో, 1990ల చివర్లో, జార్జియా, అయోవా రాష్ట్రాల్లో దాదాపు 900 ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాల్ని తీసుకుని పిల్లలు ఐదో తరగతిలో ఉన్నప్పటి నుంచి వాళ్లు పెద్దవాళ్లయ్యేదాకా వెంట నడిచిన ఇంకో పెద్ద అధ్యయనం కూడా మొదలైంది. ఒకే పిల్లల్ని ఏళ్ల తరబడి చూస్తే తప్ప ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేలదు, వీళ్లు ఆ ఓపిక పట్టారు.

వాళ్లకి కనిపించిన వాటిలో మొదటిది పెంపకం తీరు. ఆ తల్లులు చాలా స్ట్రిక్ట్‌గా ఉంటారు, ఎక్కడికెళ్తున్నావ్, ఎవరితో, ఎన్నింటికొస్తావ్, అబద్ధం చెబితే ఊరుకునేది లేదు. అదే సమయంలో ముద్దు చేస్తారు, మాట్లాడతారు, పిల్లాడి స్కూలు ఫంక్షన్‌కి డ్యూటీ బట్టలతోనే పరిగెత్తుకొస్తారు. తెల్లజాతి మధ్యతరగతి ఇళ్లని చూసి తయారుచేసిన సైకాలజీ కొలతల్లో ఇంత కట్టడి చేస్తే పిల్లలకి మంచిది కాదని ఉండేది. ఇక్కడ మాత్రం ఈ కట్టడి, ఈ ప్రేమ రెండూ కలిసిన ఇళ్లలో పిల్లలకి తమని తాము అదుపులో పెట్టుకునే శక్తి ఎక్కువగా కనిపించింది, చదువు బాగుంది, తగాదాలు తక్కువ. ప్రేమ లేకుండా కొట్టడం, తిట్టడం మాత్రమే ఉన్న ఇళ్లలో ఆ ఫలితం లేదు. దీన్ని పట్టుకుని "చూశావా, దెబ్బలే మందు" అనుకునేవాళ్లు మనలోనూ ఉంటారు కాబట్టి ఈ ముక్క నొక్కి చెబుతున్నాను.

అంత కట్టడి ఎందుకంటే, ఒకే తప్పుకి అందరు పిల్లలూ ఒకే ధర చెల్లించరు. క్లాసులో గొడవ చేస్తే తెల్లపిల్లాడికి మందలింపు, నల్లపిల్లాడికి సస్పెన్షన్. అమెరికా విద్యాశాఖ సొంత లెక్కల్లోనే నల్లజాతి విద్యార్థుల సస్పెన్షన్ల రేటు తెల్లజాతి వాళ్లకి మూడు రెట్లని 2014లో తేలింది. అదే ఏడాది ఫిలిప్ అటీబా గాఫ్ బృందం చేసిన పరిశోధనలో పదేళ్లు దాటిన నల్లజాతి అబ్బాయిల్ని జనం వాళ్ల వయసు కంటే పెద్దవాళ్లుగా, అమాయకత్వం తక్కువున్నవాళ్లుగా చూస్తున్నారని బయటపడింది. అదే ఏడాది క్లీవ్‌లాండ్‌లో పార్కులో బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్న 12 ఏళ్ల టామిర్ రైస్‌ని, పోలీసు కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలోపే కాల్చేశారు. ఇది తెలిసిన తల్లి పిల్లాడికి "నీకు నచ్చినట్టు ఉండు నాన్నా" అని ఎలా చెబుతుంది?

అందుకే ఆ ఇళ్లలో పిల్లలు పెద్దవుతున్నప్పుడు ఒక మాటల ఘట్టం ఉంటుంది. పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టు, జేబులో చెయ్యి పెట్టకు, ఏం తీస్తున్నావో చెప్పి తియ్యి, గొంతు పెంచకు, ఇంటికి ప్రాణంతో రా, మిగతాది మేం చూసుకుంటాం. షాపులో ఏదైనా కొంటే రసీదు పారేయకు. మిగతావాళ్ల కంటే రెండింతలు కష్టపడితేనే వాళ్లకొచ్చిన దాంట్లో సగం వస్తుంది. ఇవి తరం నుంచి తరానికి వస్తున్న మాటలు.

కానీ కేవలం భయం నేర్పితే పిల్లల్ని కాపాడదని పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. డయాన్ హ్యూస్, ఆమె సహచరులు 2006లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ ముందేసుకుని చూసి, తల్లిదండ్రులు జాతి గురించి పిల్లలకి చెప్పే విషయాల్ని విడదీశారు. మన చరిత్ర, మన పాటలు, మన పెద్దలు ఎవరో చెప్పి గర్వం నాటడం ఒకటి. వివక్ష ఎదురైతే ఎలా ఉండాలో సిద్ధం చేయడం ఇంకొకటి. అందరూ సమానమే, కష్టపడితే చాలు అనేది మరొకటి. బయటివాళ్లెవర్నీ నమ్మొద్దని చెప్పడం ఆఖరిది. వీటిలో గర్వం నాటడం దాదాపు అన్నిచోట్లా పిల్లలకి మేలు చేసింది, ఆత్మవిశ్వాసం పెరిగింది, దిగులు తగ్గింది. సిద్ధం చేయడం మేలు చేస్తుంది కానీ మోతాదు, వయసు చూసుకోవాలి, దాని పక్కన గర్వం ఉండాలి. ఎవర్నీ నమ్మొద్దనే మాట మాత్రం పిల్లల్ని ఒంటరిగా, కోపంగా తయారుచేసే వైపు లాగుతుంది. 1940ల్లో కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు చేసిన బొమ్మల పరీక్ష గుర్తుందా, నల్లపిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెడితే ఎక్కువమంది తెల్లబొమ్మే మంచిదన్నారు. 1954లో స్కూళ్లలో జాతుల్ని వేరుగా కూర్చోబెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఆ పరీక్ష కూడా ప్రస్తావనకి వచ్చింది. ఆ బొమ్మ ముందు కూర్చున్న పిల్లకి "నువ్వే అందమైనదానివి" అని చెప్పేవాళ్లు ఇంట్లో ఉండటం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. రంగు విషయంలో మన ఇళ్లలో పిల్లలతో అనే మాటలు కూడా ఈ సందర్భంలో ఎవరైనా తలుచుకుంటే నేను కాదనను.

ఈ రక్షణ లోపల ఎలా పనిచేస్తుందన్నది నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే భాగం. పిల్లాడికి స్కూల్లోనో షాపులోనో అవమానం జరుగుతుంది. అది కోపంగానో దిగులుగానో మారుతుంది. ఆ కోపంలో ఉన్నప్పుడు ఎవరో స్నేహితుడు బీరు చేతికిస్తాడు. ఫ్రెడరిక్ గిబ్బన్స్, మెగ్ జెరార్డ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు చెప్పేదేంటంటే ఆ వయసు పిల్లల్లో ఎక్కువమంది "ఈరోజు తాగుతాను" అని ప్లాన్ వేసుకుని తాగరు, అవకాశం ముందుకొచ్చినప్పుడు సరేననే స్థితిలో ఉన్నారా లేదా అన్నదే తేడా. ఆ సరే అనడం వెనక మనసులో ఒక ఊహాచిత్రం ఉంటుంది, తాగే కుర్రాడు అంటే వాళ్ల మనసులో ఎవరు, హీరోనా, లేక తన భవిష్యత్తు పాడుచేసుకుంటున్నవాడా. వివక్ష ఆ తలుపుని కాస్త తెరుస్తుంది. ఇంట్లో దగ్గరితనం ఉన్న పిల్లల్లో వివక్ష నుంచి మత్తు దాకా వెళ్లే ఆ గొలుసు బలహీనంగా ఉందని ఆ 900 కుటుంబాల అధ్యయనంలో తేలింది. అవమానం వాళ్లకీ జరిగింది. కాకపోతే ఆ అవమానం మోసుకుని వెళ్లడానికి వాళ్లకి ఒక చోటు ఉంది, తప్పు నీలో లేదని చెప్పే మనిషి ఉంది.

ఇక్కడొక ప్రశ్న రావాలి. మంచి ఇళ్లలో పిల్లలు మామూలుగానే బాగుంటారేమో, పెంపకం వల్లే అని ఎలా చెప్పగలం? దానికోసం బ్రోడీ, మర్రీ బృందం ఒక కార్యక్రమం తయారుచేసి లాటరీ పద్ధతిలో కొన్ని కుటుంబాలకి ఇచ్చారు, కొన్నిటికి ఇవ్వలేదు. పిల్లలకి పదకొండేళ్ల వయసు. వారానికొక్కసారి చొప్పున ఏడు వారాలు, ప్రతిసారీ ఒక గంట తల్లులు విడిగా, పిల్లలు విడిగా, తర్వాతి గంట అందరూ కలిసి. నడిపించినవాళ్లు ఆ ప్రాంతపు నల్లజాతి వాళ్లే. చెప్పిన విషయాలు కూడా బయటినుంచి దిగుమతి చేసినవి కావు, ఆ ఊళ్లలోనే చక్కగా పిల్లల్ని పెంచుతున్న తల్లుల దగ్గర చూసి నేర్చుకున్నవి: నియమాలు స్పష్టంగా చెప్పడం, ఓ కన్నేసి ఉంచడం, మందు గురించీ ఆడమగ విషయాల గురించీ దాచకుండా మాట్లాడటం, జాతి గురించి గర్వంగా మాట్లాడటం, ముందు జీవితం గురించి కలిసి ఆలోచించడం.

ఏడు వారాలు. దాని ఫలితం ఎంతకాలం ఉంటుందనుకుంటారు? కార్యక్రమానికి వెళ్లిన పిల్లల్లో తాగడం మొదలుపెట్టినవాళ్లు తర్వాతి ఏళ్లలో తక్కువగా ఉన్నారు, అది ఆశించిందే. ఆశించనిది, ఎనిమిదేళ్ల తర్వాత పిల్లలకి 19 ఏళ్లప్పుడు రక్తం తీసి చూస్తే వాళ్లలో ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో నిత్యం సన్నగా రగులుతూ ముందుముందు గుండెజబ్బులకీ షుగర్‌కీ దారితీసే వాపు, మిగతా గుంపు కంటే తక్కువగా ఉందని 2014లో ప్రచురించారు. 2017లో ఇంకొక అడుగు వేసి, 25 ఏళ్ల వయసులో కొందరికి మెదడు స్కాన్ తీశారు. కార్యక్రమం అందని గుంపులో టీనేజ్‌లో ఎన్నేళ్లు పేదరికంలో గడిపితే అంతగా జ్ఞాపకానికీ ఒత్తిడికీ సంబంధించిన భాగాలు, హిప్పోకాంపస్, అమిగ్డలా, చిన్నవిగా ఉన్నాయి. కార్యక్రమానికి వెళ్లిన గుంపులో పేదరికానికీ మెదడుకీ మధ్య ఆ సంబంధం కనిపించలేదు. కొన్ని వందల మంది కూడా లేని అధ్యయనం, కాబట్టి కొండంత మాటలు చెప్పకూడదు. అయినా ఒక తల్లి పిల్లాడితో మాట్లాడే తీరు పద్నాలుగేళ్ల తర్వాత మెదడు స్కాన్‌లో కనిపించే అవకాశం ఉందంటే అది చిన్న విషయం కాదు.

ఇక్కడితో ఆపేస్తే ఇది చాలా సంతోషకరమైన వ్యాసం అయ్యేది. ఇదే బ్రోడీ, గ్రెగరీ మిల్లర్, ఇడిత్ చెన్ లాంటి వాళ్లతో కలిసి 2013లో వేరే సంగతి బయటపెట్టాడు. పేద పల్లె ఇళ్లలో పెరిగి, టీచర్లందరూ మెచ్చుకునేలా బుద్ధిగా చదివి, మందు జోలికి పోకుండా, డిప్రెషన్ లేకుండా 19 ఏళ్లకి వచ్చిన పిల్లల ఒంట్లో బీపీ, స్ట్రెస్ హార్మోన్లు, బరువు కలిపి చూస్తే ఒత్తిడికి ఒళ్లు లోలోపల అరిగిపోవడం ఎక్కువగా ఉంది. 2015లో ఇంకోసారి చూస్తే, పేద పిల్లల్లో ఆత్మనిగ్రహం ఎక్కువున్నవాళ్ల కణాలు వయసుకి మించి ముసలివవుతున్నాయని తేలింది. పైకి అన్నీ బాగున్నాయి, లోపల ఒళ్లు అప్పు తీరుస్తోంది. దీనికి ముందే, 1980ల్లో నార్త్ కరోలినాలో షెర్మన్ జేమ్స్ అనే పరిశోధకుడు, సరైన వనరులు లేకుండా ఎంత కష్టమైనా ఒంటిచేత్తో నెట్టుకొస్తానని పట్టుబట్టే నల్లజాతి పురుషుల్లో రక్తపోటు ఎక్కువగా ఉందని చూపించాడు. రెండింతలు కష్టపడు అని నేర్పిన ఇంటి బలమే, బయట ఎదురుగాలి తగ్గకపోతే, ఆ పిల్లాడి రక్తనాళాల మీద పడుతుందన్నమాట. నాకు ఇది చదివినప్పుడల్లా బాధగానే ఉంటుంది. ఇంతలోనూ కుటుంబం పూర్తిగా ఓడిపోలేదు, 2016లో వచ్చిన ఇంకో అధ్యయనంలో వివక్ష వల్ల కణాలు ముసలివయ్యే ప్రభావం, ఆదరణ ఉన్న ఇళ్లలో పెరిగిన పిల్లల్లో కనిపించలేదు. అంటే ఇల్లు ఆ దెబ్బని కొంత తీసుకుంటుంది. కానీ ఆ తీసుకునే తల్లికి ఏమవుతోంది అని కూడా అడగాలి, ఆమె కూడా పనిచోట వివక్ష పడుతూనే ఉంటుంది, ఆ దిగులు ఆమె పెంపకంలోకి జారుతుందని మర్రీ పరిశోధనలు చెబుతాయి. ఆమెకి చర్చి స్నేహితులో, చెల్లెలో, తల్లో తోడుంటే ఆ జారడం తగ్గుతుంది. పిల్లల రక్షణ అనేది తల్లిని ఎవరు చూసుకుంటున్నారు అన్న దగ్గర మొదలవుతుంది.

తండ్రుల సంగతి కూడా తేల్చుకోవాలి. పెళ్లికాని తల్లి అంటే తండ్రి లేడని కాదు, చాలామంది తండ్రులు కలిసే ఉంటారు లేదా దగ్గర్లో ఉంటారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2013లో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం చిన్నపిల్లలతో కలిసి ఉంటున్న నల్లజాతి తండ్రుల్లో 70 శాతం మంది రోజూ పిల్లలకి స్నానం చేయించడం, డైపర్ మార్చడం, బట్టలు తొడగడం లాంటి పనులు చేస్తున్నారు, తెల్లజాతి తండ్రుల్లో అది 60 శాతం. ఇక నిజంగా ఇంటికి దూరమైన తండ్రుల విషయానికొస్తే, దాంట్లో ప్రభుత్వం చెయ్యి చిన్నదేం కాదు. ఇంట్లో మగమనిషి కనిపిస్తే తల్లికి వచ్చే సాయం ఆపేసే నియమాలు చాలా రాష్ట్రాల్లో ఉండేవి, 1968లో అలబామా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా. తర్వాత 1986 మత్తుమందుల చట్టం, 5 గ్రాముల క్రాక్‌కి, అంటే గడ్డల రూపంలో అమ్మే చౌకరకం కొకైన్‌కి, 500 గ్రాముల పౌడర్ కొకైన్‌తో సమానంగా ఐదేళ్ల కనీస శిక్ష. క్రాక్ కేసుల్లో జైలుకెళ్లింది అత్యధికంగా నల్లవాళ్లు. 2010లో ఆ తేడాని వందకి ఒకటి నుంచి పద్దెనిమిదికి ఒకటి చేశారు, ఈలోపు ఒక తరం పిల్లలు పెరిగిపోయారు.

2018లో రాజ్ చెట్టి బృందం దాదాపు 2 కోట్ల మంది పిల్లల రికార్డులు చూసి చెప్పింది మరీ ఆలోచింపజేసేది. డబ్బున్న ఇంట్లో పుట్టినా నల్లజాతి అబ్బాయిలు పెద్దయ్యాక అదే స్థాయి తెల్లజాతి అబ్బాయిల కంటే తక్కువ సంపాదిస్తున్నారు. ఆ తేడా తక్కువగా ఉన్న పేటలు ఏవంటే, పేదరికం తక్కువ, తెల్లవాళ్లలో జాతి ద్వేషం తక్కువ, నల్లజాతి తండ్రులు ఎక్కువమంది ఇళ్లలో ఉన్న పేటలు. సొంత తండ్రి ఇంట్లో లేకపోయినా వీధిలో తండ్రులుంటే ఆ అబ్బాయికి మేలు జరుగుతోంది. హిల్, స్టాక్ యాభై ఏళ్ల కింద చెప్పిన విశాలమైన బంధుత్వం ఇక్కడ పన్ను రికార్డుల్లోంచి బయటికొచ్చింది. పేదరికం తక్కువగా ఉండి, సగానికి పైగా ఇళ్లలో తండ్రులున్న పేటల్లో పెరిగే నల్లజాతి పిల్లలు 5 శాతం కంటే తక్కువ.

ఇది మనకి సంబంధం లేని కథ అనుకునేవాళ్లకి రెండు విషయాలు. మొయినిహాన్ రిపోర్ట్ వచ్చిన 1965లోనే వలస చట్టం మారింది, పౌరహక్కుల ఉద్యమం దేశపు గాలిని మార్చినందుకే అది సాధ్యమైంది, మన డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికా వెళ్లగలిగింది ఆ తలుపులోంచే. రెండోది, అట్లాంటా దగ్గర ఫోర్సైత్ కౌంటీ, ఈ రోజు మన తెలుగు కుటుంబాలు మంచి స్కూళ్ల కోసం ఇళ్లు కొనుక్కుంటున్న చోటు. 1912లో అక్కడున్న దాదాపు 1,100 మంది నల్లవాళ్లని బెదిరించి, ఇళ్లు తగలబెట్టి తరిమేశారు, తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఒక్క నల్లజాతి కుటుంబం కూడా అక్కడ నిలవలేకపోయింది. ఆ భూములే ఆ కుటుంబాల చేతిలో ఉండుంటే పిల్లలకి ఏం మిగిలేదో ఊహించుకోవచ్చు. అక్కడ పెరుగుతున్న మన పిల్లలకి ఈ సంగతి ఇంట్లోనే చెప్పాలి.

కుటుంబం బలం గురించి మాట్లాడేవాళ్లు ఒక పొరపాటు చేసే ప్రమాదం ఉంది, అంత బలముంటే ఇంక ప్రభుత్వం చేయాల్సిందేముంది అని. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో 5 నుంచి 12 ఏళ్ల నల్లజాతి పిల్లల్లో ఆత్మహత్యల రేటు తెల్లజాతి పిల్లల కంటే దాదాపు రెండింతలుందని తేలింది, చాలాకాలం ఆ సమాజంలో ఆత్మహత్యలు తక్కువని అనుకున్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. ఇంటి రక్షణకి హద్దుంది. దాని మీద బరువు తగ్గిస్తే ఏమవుతుందో 2021లో కొంచెం కనిపించింది. పిల్లల పన్ను రాయితీని పెంచి, ఆరు నెలలు నెలనెలా డబ్బు నేరుగా ఇళ్లకి పంపారు, పిల్లల పేదరికం 5.2 శాతానికి పడింది. ఆ పథకం ఆపేశాక 2022లో 12.4 శాతానికి ఎగబాకింది. ఆ మధ్యలో తల్లులు మారలేదు, పెంపకం మారలేదు.

మరీ అన్యాయంగా అనిపించేది అమ్మమ్మల పరిస్థితి. పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి తీసుకోవాల్సి వచ్చినప్పుడు ముక్కూమొహం తెలియని ఫాస్టర్ కుటుంబానికి నెలనెలా డబ్బొస్తుంది. బంధువులకి కూడా అదే ఇవ్వాలని 1979లోనే సుప్రీంకోర్టు చెప్పినా, దానికి ముందు లైసెన్సు ఉండాలి, ఇన్ని బెడ్‌రూమ్‌లుండాలి, ఇంత జాగా ఉండాలి అనే షరతులు దాటాలి. రెండు గదుల ఇంట్లో ముగ్గురు మనవల్ని పెట్టుకున్న ముసలావిడ వాటిని ఎక్కడ దాటుతుంది, పైసా సాయం లేకుండా పెంచుకుంటుంది. 2023 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ నియమం మార్చి, బంధువుల ఇళ్లకి వేరే, తేలికైన లైసెన్సు షరతులు పెట్టుకోవచ్చని రాష్ట్రాలకి అనుమతిచ్చింది. అది అనుమతి మాత్రమే, తప్పనిసరి కాదు, ఆ అమ్మమ్మ చేతికి డబ్బు అందేదీ లేనిదీ ఆమె ఉంటున్న రాష్ట్రం తీసుకునే నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది.